మైత్రేయి అడిగిన ప్రశ్న

ప్రేమను గూర్చి మన ప్రాచీనులు చేసిన విచారణలలో మిక్కిలి నిష్ఠురమైనది ఒక దంపతుల సంభాషణలో నున్నది. బృహదారణ్యకోపనిషత్తు రెండవ అధ్యాయమునను, కొలది మార్పులతో మరల నాల్గవ అధ్యాయమునను ఈ సంభాషణ కానవచ్చును. మాటలాడువారు యాజ్ఞవల్క్య మహర్షియు, ఆయన భార్య మైత్రేయియు. సందర్భము మాత్రము ప్రణయము కాదు, ఆస్తి పంపకము.

యాజ్ఞవల్క్యునకు ఇద్దరు భార్యలు. గృహస్థాశ్రమమును విడిచిపోదలచి ఆయన తన ధనమును మైత్రేయికిని కాత్యాయనికిని పంచి యిచ్చెదననెను. మన యిండ్లలో నైనచో మాట వెంటనే లెక్కలలోనికి దిగును. మైత్రేయి లెక్క అడుగలేదు. ధనముతో నిండిన భూమి యంతయు తనదే యైనను, దానివలన తనకు అమృతత్వము కలుగునా యని అడిగెను. కలుగదనియు, కలిమిగలవారి బ్రతుకు వంటి బ్రతుకు మాత్రమే లభించుననియు ఆయన దాచక చెప్పెను. అట్లయిన ఆ ధనముతో తనకు పనిలేదనియు, ఆయన ఎరిగినదానినే తనకు తెలుపవలసినదనియు ఆమె కోరెను. ఋషి సంతోషించి ఆమెను కూర్చుండుమనెను.

తరువాత ఆయన చెప్పినది వినుటకు ఇంపైనది కాదు. భార్యకు భర్త ప్రియుడగుట భర్తకొరకు కాదట, తన ఆత్మకొరకట. భర్తకు భార్యయు అట్లే. బిడ్డలు, ధనము, లోకములు, దేవతలు, ఒక్కొక్కదానినే యెత్తి అన్నిటికిని ఇదే న్యాయము చెప్పెను.

విద్యారణ్యుల పేర ప్రసిద్ధమైన ‘పంచదశి’ ఆత్మానంద ప్రకరణమున ఈ మాటలను ఇంటి ఉదాహరణలతో వివరించినది. భార్యకు భర్తపై మనసు కలిగిన వేళ ఆయన ఆకలితోనో, అనుష్ఠానముతోనో, రోగముతోనో ఉండి విముఖుడగును. ఆమె కోరిక ఆమెది. ఆయన విముఖత ఆయనది. తండ్రి ముద్దాడుచుండగా గడ్డము గ్రుచ్చుకొని పసిబిడ్డ యేడ్చును, తండ్రి మానడు. ఆ ముద్దు ఎవరి సంతోషమునకో వేరుగ చెప్పనేల? వేదాంత గ్రంథమున ఇంత సంసారజ్ఞానము చూచి మేము ముచ్చట పడుచుందుము.

అట్లయిన ప్రేమ స్వార్థమునకు మారుపేరేనా? ఇచ్చటనే పలువురు తొట్రుపడుదురు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన ఆత్మ ‘నేను, నాది’ యను అహంకారము కాదు. నీటిలో వేసిన ఉప్పుగడ్డ కరగిపోవును. పైన చవిచూచినను, అడుగున చవిచూచినను ఉప్పదనమే. అట్లే ఆత్మ యెల్లెడల నిండియున్నదని ఆయన ఉపమానము. కనుక తనయందు ప్రియమైనది ఏదో, ఎదుటివానియందును అదియే కలదు.

దీనినుండి సంసారులకు ఉపయోగపడు విషయ మొకటి మాకు కనబడుచున్నది. భర్త ప్రేమ ఆయన ఆత్మకొరకే యైనచో, ఆయన ఆదరము తగ్గిన దినమున భార్య విలువ తగ్గినదని తీర్పు చెప్పుకొన నక్కరలేదు. కారణము ఆయన ఆకలిలోనో, అలసటలోనో, అలవాటులోనో ఉండవచ్చును. ఇల్లాలి అణకువను తన ఘనతకు రుజువుగా నెంచు భర్తకును ఇదే వర్తించును. ఇరువురును ఎదుటివారు ఈయజాలని దానినే వారినుండి కోరుచున్నారు. ఐతే, ఆత్మ అందరియందు ఒక్కటే గదా యని చెప్పి, అవమానములను సహించి పడియుండుమని స్త్రీలకు బోధించువారు లేకపోలేదు. అట్టి బోధకు ఈ ఉపనిషత్తును ఆధారముగా చూపుట అన్యాయము. ఆత్మ ఒక్కటే యైనచో అవమానించు చేయి ఎవరిని అవమానించుచున్నది?

మన సత్యభామ సంగతి వేరు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’న నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి చేరెను. అంతటితో సత్య కోపగృహమును ప్రవేశించెను. పాదములపై వ్రాలిన కృష్ణుని శిరమును ఎడమకాలితో తన్నెను. పువ్వు చిన్నదే, దానితో తూచుకొన్న విలువ పెద్దది. చివరకు చెట్టే ఆమె పెరటికి వచ్చినది. కూచిపూడి వారి ‘భామాకలాపము’న ఈ గర్వమే విరహమై, లేఖయై కరగును, జీవుడు పరమాత్మకై పడు తపనయే యిదియని పెద్దలు వ్యాఖ్యానింతురు. ఆ వ్యాఖ్యానమును కాదనము గాని, సత్యను ముందు ఒక నొచ్చుకొన్న భార్యగా చూడనివారికి ఆ తపనయు సరిగా వినబడదని మా తలంపు.

మైత్రేయియు తలయూపి యూరకుండలేదు. దేహము విడిచిన పిమ్మట ఎరుక యుండదని భర్త యనగా, తనను కలవరపెట్టితిరని ఎదురు చెప్పెను. ఆయన కోపింపలేదు. ఇద్దరున్న చోటనే ఒకరు మరొకరిని చూచుట, వినుట, ఎరుగుట. సర్వమును ఆత్మయే యైన చోట ఎవరిని ఎవరు ఎరుగుదురని ఓపికతో విడమరచెను. నాల్గవ అధ్యాయపు పాఠమున, అమృతత్వ మింతియే యని చెప్పి ఆయన వెడలిపోయెను. పాలు పంచబడెనో లేదో, ఇంటిపనులు తెలిసిన కాత్యాయని ఏమనుకొనెనో ఉపనిషత్తు చెప్పదు.