ముల్లు 70 దగ్గరే ఆగిపోతోందా? ఇంజిన్ విప్పించే ముందు ఇవి చూడండి

హైవే ఎక్కారు. యాక్సిలరేటర్ నేలకి అంటుకుపోయింది. ఇంజిన్ ఊరంతా వినిపించేలా అరుస్తోంది. స్పీడోమీటర్ ముల్లు మాత్రం 70 దగ్గర కూర్చుని లేవనంటోంది. వెనకనుంచి కోళ్ల వ్యాన్ హారన్ కొట్టి మరీ దాటిపోయింది.

పాత జీపో, జిప్సీనో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చాలామందికి ఈ అవమానం కొత్తేం కాదు. షెడ్డుకి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: ‘ఇంజిన్ అయిపోయింది బ్రో, బోర్ చేయించాలి.’ అంటే పిస్టన్లు, రింగులు, లైనర్లు, లేబర్... బండి కొనడానికే దాచుకున్న డబ్బంతా ఊడ్చి పెట్టిన కుర్రాడికి ఇది చిన్న దెబ్బ కాదు. తీరా అంత ఖర్చు పెట్టాక కూడా ముల్లు 70 దగ్గరే ఉంటే? అలా కూడా జరుగుతుంది. ఎందుకంటే స్పీడు రాకపోవడానికి ఇంజిన్ అరగడం ఒక్కటే కారణం కాదు. ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో సగం మీ ఇంటి ముందే, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

అసలు ఎంత వెళ్లాలి?

ముందు మన అంచనా సరిగ్గా ఉందో లేదో చూద్దాం. 1985లో వచ్చిన మొదటి జిప్సీలో ఉన్నది 970 సీసీ ఇంజిన్. పవర్ 45 హెచ్‌పీ దాకా. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లో 1.3 లీటర్ ఇంజిన్ పెట్టారు, పవర్ 60కి పెరిగింది. ఎంపీఎఫ్‌ఐ వచ్చాక 80కి చేరింది. మహీంద్రా ఎంఎం 540లో ప్యూజో డిజైన్ చేసిన 2.1 లీటర్ డీజిల్. అది లోడు లాగడానికి, గుట్టలెక్కడానికి పుట్టిన ఇంజిన్. రేసులకి కాదు. ఇప్పుడు మామూలు 1.2 లీటర్ హ్యాచ్‌బ్యాక్‌కే 80 హెచ్‌పీ చుట్టూ ఉంటుంది. దాంతో పోల్చుకుని మీ జీపుని తిట్టకండి.

పైగా జీపు ఆకారం నిలబెట్టిన బీరువాలా ఉంటుంది. గాలిని చీల్చుకోదు, తోసుకుంటూ పోతుంది. గాలిని ఎదుర్కోవడానికి కావాల్సిన పవర్, స్పీడుతో సమానంగా పెరగదు. దాని ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్లాలంటే గాలి ఒక్కదానికే దాదాపు రెట్టింపు పవర్ కావాలి. అందుకే 60 దాకా హుషారుగా వెళ్లిన బండి ఆపైన ఆయాసపడుతుంది. పైన క్యారియర్, దాని మీద ఎల్‌ఈడీ లైట్ల బారు ఉంటే ఇంకాస్త బరువెక్కినట్టే.

ముల్లు నిజం చెబుతోందా?

రెండో అనుమానం స్పీడోమీటర్ మీద. జిప్సీ కింగ్‌కి కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్ 15 అనుకోండి. గంభీరంగా కనిపించాలని ముందు ఓనర్ 235/75 ఆర్ 15 వేయించాడు. చక్రం ఎత్తు సుమారు 67 సెంటీమీటర్ల నుంచి 73 దాటింది, అంటే దాదాపు 10 శాతం పెద్దది. చక్రం ఒక్కసారి తిరిగితే బండి అంత ఎక్కువ దూరం వెళ్తుంది. ఆ సంగతి స్పీడోమీటర్‌కి తెలీదు. ముల్లు 80 చూపిస్తుంటే మీరు నిజానికి 88 దగ్గర ఉన్నారు.

చెక్ చేయడం తేలికే. పక్క సీట్లో ఉన్న ఫ్రెండ్ చేతికి ఫోన్ ఇచ్చి, జీపీఎస్ స్పీడ్ చూపించే యాప్ ఏదైనా ఆన్ చేయమనండి. నడిపేవాళ్లు మాత్రం ఫోన్ చూడొద్దు.

పెద్ద టైరుతో ఇంకో నష్టం ఉంది. గేరింగ్ మొత్తం ‘పొడుగు’ అయిపోతుంది. ఫోర్త్‌లో బాగా లాగే బండి ఫిఫ్త్ వేయగానే నీరసపడిపోతుంది. టాప్ గేరు కంటే కింది గేరులోనే ఎక్కువ స్పీడు వస్తుంటే ముందు టైర్లని అనుమానించండి.

మూడు ప్రశ్నలు

జీపీఎస్ కూడా తక్కువే అంటోందా? అయితే నిజంగానే ఏదో ఉంది. ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. బండిని ఎవరైనా పట్టుకుని వెనక్కి లాగుతున్నారా? ఇంజిన్ తిరుగుతోంది కానీ ఆ బలం చక్రాలకి చేరట్లేదా? అసలు ఇంజినే తిరగట్లేదా? ఏ జవాబుకి ఏ రిపేరు అన్నది పూర్తిగా వేరు.

1. వెనక్కి లాగుతున్నదెవరు?

ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద 40లో న్యూట్రల్ చేసి వదిలేయండి. బండి హాయిగా దొర్లుకుంటూ పోవాలి. ఎవరో పట్టుకున్నట్టు త్వరగా ఆగిపోతుంటే బ్రేకులు పట్టేస్తున్నట్టే లెక్క. ఇంకో పరీక్ష: బ్రేకులు తక్కువగా వాడుతూ పది కిలోమీటర్లు నడిపి ఆపండి. చెయ్యి తగిలించకుండా, ఒక్కో చక్రం మధ్యభాగం దగ్గరికి తీసుకెళ్లి చూడండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగలు కక్కుతుంటే దొంగ దొరికినట్టే. వీల్ సిలిండర్ పట్టేసి ఉండొచ్చు, బేరింగ్ బిగిసి ఉండొచ్చు.

కొన్ని పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకాల, షాఫ్ట్ మీద చిన్న డ్రమ్ములా ఉంటుంది. అది సగం పట్టుకుని ఉంటే నాలుగు చక్రాలూ చల్లగానే ఉంటాయి, బండి మాత్రం కదలదు. ఆ డ్రమ్ము కూడా చూడమనండి.

ఇక ఫోర్ బై ఫోర్‌కి మాత్రమే ఉండే జబ్బు ఒకటుంది. ఈ పాత బళ్లలో ఎక్కువ శాతం పార్ట్ టైమ్ 4x4. సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. 4హెచ్‌లో పెడితే ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి లాక్ అయిపోతాయి. బురదలో అదే వరం. తారు రోడ్డు మీద అదే శాపం. మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరు వేరు దూరాలు వెళ్లాలి. లాక్ అయి ఉండటంతో అది కుదరక టైర్లు రోడ్డుని గీరుతూ పోతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. లివర్ 2హెచ్‌లోకి వచ్చినట్టు కనిపించినా లోపల పూర్తిగా విడిపోకపోవచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించి చూడండి. బండి మొరాయిస్తూ, కుదుపులు ఇస్తుంటే 4x4 ఇంకా పట్టుకునే ఉందని అనుమానించాలి. మరి 4ఎల్‌లో ఉండిపోతే? టాప్ గేరులో కూడా ఇంజిన్ గొంతు చించుకుంటుంది, స్పీడు మాత్రం రాదు. కొత్తగా కొన్నవాళ్లు ముందు ఆ లివర్ గుర్తులు చదువుకోవడం మంచిది.

2. బలం దారిలో జారిపోతోందా?

చిన్న ఎత్తు మీద టాప్ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం గబుక్కున పెరిగి, స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. కాలిన వాసన కూడా వస్తుంటే ఇంక అనుమానమే లేదు. పాత జీపుల్లో చాలావాటికి ఆర్‌పీఎం మీటరే ఉండదు, కాబట్టి చెవే మీ మీటర్. క్లచ్ ప్లేటు మార్చాల్సి రావచ్చు. కానీ ముందు పెడల్ ఫ్రీ ప్లే చూడమనండి. పెడల్‌కి అసలు లూజే లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉంటుంది. అడ్జస్ట్‌మెంట్‌తో పోయే పని కూడా కావచ్చు.

3. ఇంజినే తిరగట్లేదా?

ఇక్కడ అన్నిటికంటే చవకైన పరీక్షతో మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపేయండి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి, ఇంకొకరు బానెట్ ఎత్తి చూడాలి. పెట్రోల్ అయితే కార్బురేటర్ దగ్గర, పాత డీజిల్ అయితే పంపు దగ్గర లివర్ చివరిదాకా కదులుతోందా? కేబుల్ సాగిపోయి, లేదా పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడి, సగం మాత్రమే తెరుచుకునే బళ్లు ఉంటాయి. మ్యాట్ తీస్తే నయమయ్యే రోగానికి బోర్ చేయించడం ఎందుకు?

తర్వాత గాలి. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే డీజిల్ బండి నల్ల పొగ కక్కుతుంది. పాత జీపుల్లో ఆయిల్ బాత్ ఫిల్టర్ ఉంటే అడుగున మడ్డి ఎంత పేరుకుందో చూడండి.

ఆ తర్వాత ఇంధనం. సిటీలో బాగానే వెళ్లి, హైవేలో మాత్రం చచ్చుబడుతుందా? తక్కువ స్పీడుకి కొంచెం ఇంధనం చాలు, ఎక్కువ స్పీడుకి ధారగా రావాలి. ఫిల్టర్ సగం మూసుకుపోయినా, ట్యాంకులో తుప్పు చేరినా, డీజిల్లో నీళ్లు కలిసినా తేడా హైవే మీదే తెలుస్తుంది. ఇంకో చిత్రం: కాసేపు బాగా వెళ్లి, తర్వాత పవర్ తగ్గి, ఆపి మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని మళ్లీ బాగైపోతుందా? ట్యాంక్ మూతకున్న సన్న రంధ్రం మూసుకుపోయింది, అంతే.

పెట్రోల్ బండికి ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్ చూడాలి. డీజిల్‌కి నాజిల్స్, పంపు టైమింగ్. ఎంపీఎఫ్‌ఐ జిప్సీకి సైలెన్సర్ లైన్లో ఉండే కన్వర్టర్ మూసుకుపోయినా ఇంజిన్‌కి ఊపిరాడదు. టర్బో ఉన్న సీఆర్‌డీఈ థార్ లాంటి బళ్లలో ఇంటర్‌కూలర్ పైపు చిరిగితే పవర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ముందు స్కానర్ పెట్టించండి.

పొగ ఏం చెబుతుంది?

నల్ల పొగంటే గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ. ఇది చాలాసార్లు చిన్న రిపేరే. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా మండట్లేదు, లేదా లోపలికి నీళ్లు చేరుతున్నాయి. నీలం పొగ వస్తూ, ఇంజిన్ ఆయిల్ కూడా తగ్గిపోతుంటే అప్పుడు రింగుల మీద, వాల్వుల మీద అనుమానపడాలి. అప్పుడైనా సరే, నేరుగా విప్పొద్దు. కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఒక్కో సిలిండర్‌కి ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకుని మాన్యువల్లో ఉన్న అంకెతో పోల్చండి. అన్నీ సరిగ్గా ఉంటే ఇంజిన్ విప్పే మాటే ఎత్తొద్దు.

షెడ్డులో ఏం చెప్పాలి?

‘అన్నా, పికప్ లేదు’ అంటే మెకానిక్‌కి ఏమీ చెప్పనట్టే. ‘అన్నా, జీపీఎస్‌లో 72 దాటట్లేదు. న్యూట్రల్‌లో బాగానే దొర్లుతోంది. క్లచ్ జారట్లేదు. యాక్సిలరేటర్ లివర్ ఫుల్‌గా తిరుగుతోంది. నల్ల పొగ వస్తోంది’ అని చెప్పి చూడండి. సగం పని మీరే చేసినట్టు. మంచి మెకానిక్ నేరుగా ఫిల్టర్ దగ్గరికో, పంపు దగ్గరికో వెళ్తాడు. ఇంత విన్నాక కూడా బోర్ అనే మాటే అంటే, ఇంకో షెడ్డులో అడగడంలో తప్పులేదు.

చివరగా ఒక్క మాట. రిపేరయ్యాక స్పీడు వస్తుంది, మంచిదే. కానీ పొట్టి వీల్‌బేస్, ఎత్తైన బాడీ, పాతకాలం బ్రేకులు ఉన్న బండి ఇది. 90లో ఉన్నట్టుండి స్టీరింగ్ కోస్తే కారులా నిలబడదు. కాబట్టి స్పీడు పెంచే ప్రతి పనికీ ముందు బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, టైర్లు చూపించుకోండి. ఎంత స్పీడులో వెళ్తుందో తెలుసుకునే ముందు, ఎంత దూరంలో ఆగుతుందో తెలిసి ఉండాలి.