తల ఎందుకు తిరుగుతుంది?

ఒక గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పి, ఠక్కున ఆపండి. గ్లాసు ఆగిపోతుంది. నీళ్లు మాత్రం మరి కాసేపు తిరుగుతూనే ఉంటాయి. మీరు గిర్రున తిరిగి ఆగినప్పుడు మీ చెవిలో జరిగేది కూడా దాదాపు ఇదే!

చెవి వినడానికి మాత్రమే అనుకుంటాం. మనం తూలి పడకుండా కాపాడేది కూడా అదే సుమా! కర్ణభేరికి ఎంతో లోపల, కపాలపు ఎముకలో, మూడు అర్ధవర్తుల కుల్యలున్నాయి. అవి దాదాపు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. అందుచేత తలను ఎటు తిప్పినా వాటిలో ఏదో ఒకదానికి తెలుస్తుంది. కుల్యలో ఉండే అంతరలసిక అనే ద్రవం కదిలి రోమకణాలను వంచుతుంది. ఆ కబురు నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. మీరు ఆగినా ద్రవం ఆగదు కనుక, ఇంకా తిరుగుతున్నట్లే ఉంటుంది.

కుల్యల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో కాల్షియం కార్బనేట్ రేణువులుంటాయి. తల వంచినా, బండి కదిలినా ఆ సంగతి చెప్పేవి ఇవే.

కొల్లేరులో దోనె నడిపేవారిని చూడండి. దోనె ఊగుతున్నా వారు నిలకడగా నిలబడతారు. చెవులు, కళ్లు, కాళ్లలోని కండరాలు, ఈ మూడింటి సాక్ష్యాన్నీ మెదడు పోల్చి చూసుకుంటుంది. సాక్ష్యాలు కలవకపోతేనే చిక్కు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్లే బస్సులో పుస్తకం చదివితే కళ్లు "కదలడం లేదు" అంటాయి, చెవులు "కదులుతున్నాం" అంటాయి. వికారం అందుకే. పుస్తకం మూసి దూరంగా ఉన్న చెట్లను చూస్తే తగ్గుతుంది.

ఒక్కొక్కప్పుడు ఆ రేణువులు జారి కుల్యలో పడతాయి. అప్పుడు పక్క మీద పొర్లితే చాలు, గది అంతా తిరిగినట్లుంటుంది. తలను ఒక వరుసలో తిప్పి వాటిని మళ్లీ సంచిలోకి చేర్చే పద్ధతిని ఎప్లీ అనే అమెరికా వైద్యుడు 1992లో వివరించాడు. మందుతో పని లేదు!

అయితే ప్రతిసారీ తప్పు చెవిది కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా జబ్బు పడ్డారు. తల తిరగడం, వాంతులు, వాటితో పాటు కొద్ది నిమిషాల మూర్ఛ. ఒకరు మరణించారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీలోని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చునని నిపుణులు ఆ నెలలోనే అభిప్రాయపడ్డారు.

చెవిలోని లోపం వల్ల మూర్ఛ రాదు. మూర్ఛ మెదడుకు సంబంధించినది. కనుక ఎవరైనా "తల తిరిగింది" అంటే, స్పృహ తప్పిందా, మాట తడబడిందా, ఒక వైపు కాలు చెయ్యి పట్టు తప్పాయా అని అడగండి. వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ పోయకండి. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, మూర్ఛ ఎంతసేపు ఉన్నదో గడియారం చూసి గుర్తుంచుకోండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.