కరెంటు, నీళ్లు కలిపి కిరాయి: మోటారు స్విచ్చి ఎవరి చేతిలో?

హైదరాబాదులో టులెట్ బోర్డు చూసి వెళితే చాలాచోట్ల వినబడే మాట "కరెంటు, నీళ్లు అన్నీ కలిపి ఇంత" అని. చదువుకో చిన్న ఉద్యోగానికో ఊరు వదిలి వచ్చిన దళితుడికి ఇది సుఖంగానే తోస్తుంది. బిల్లు కట్టే తిప్పల్లేవు, నెలకు ఒకటే లెక్క. కానీ ఈ "కలిపి" లోపల ఏమేం కలిసి ఉన్నాయో చూడాలి.

మీటరు ఓనరు పేర ఉంటుంది. నల్లా కనెక్షను ఓనరు పేర ఉంటుంది. సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు స్విచ్చి ఓనరు ఇంట్లో ఉంటుంది. ఊరి బావిలో చేద ఎవరు వేయాలి, ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలి అన్నది కులమే తేల్చింది. 1927లో మహద్ చెరువు నీళ్లు ముట్టుకోవడానికి సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. పట్నంలో బావి పోయింది గాని నీళ్ల మీద పెత్తనం పోలేదు, మేడెక్కింది. కులం తెలియనన్నాళ్లూ నీళ్లు బాగానే వస్తాయి. తెలిశాక ఖాళీ చేయమని నోరు తెరిచి చెప్పక్కర్లేదు. మోటారు ఆలస్యంగా వేస్తే చాలు. "నీళ్లు మస్తు వాడుతున్నరు, చుట్టాలెక్కువొస్తున్నరు" అంటే చాలు. (కూర వాసన మీద ఫిర్యాదు ఎటూ ఉండనే ఉంది.)

1917లో అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లి, పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగారు. గదీ తిండీ కలిపి రోజుకు రూపాయిన్నర. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. కొలంబియా చదువు అడ్డుపడలేదు. ఇంటిపేరు మింగేసి ఇల్లు వెతుక్కునే మనవాళ్లు ఇవాళా ఉన్నారు. ఢిల్లీ చుట్టుపక్కల ఫోను చేసీ, నేరుగా వెళ్లీ పరీక్షించిన సుఖదేవ్ థోరట్ బృందం దళితులకూ, అంతకుమించి ముస్లింలకూ ఇళ్లు నిరాకరిస్తున్నారని 2015లో రాసింది.

ఇక డబ్బు సంగతి. యూనిట్లు పెరిగేకొద్దీ కరెంటు రేటు పెరుగుతుంది. నాలుగు పోర్షన్లకు ఒకే మీటరుంటే అందరి వాడకం కలిసి పై స్లాబులోకి పోతుంది, ఆ భారం కిరాయిలోకి దిగుతుంది. 2024లో తెలంగాణలో మొదలైన గృహజ్యోతి, రేషను కార్డున్న కుటుంబానికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు ఇస్తానంది. కిరాయిదారులూ అర్హులేనన్నారు. కానీ తన వాటాకు మీటరే లేనివాడు ఏ నంబరు రాయించుకోవాలి? 2021 జనవరిలో హైదరాబాదులో తెచ్చిన 20 వేల లీటర్ల ఉచిత నీళ్లూ అంతే. ఓనరు తనంత తానుగా కిరాయి తగ్గిస్తే తప్ప ఆ మిగులు ఆయనదే. బిల్లు మన కంట పడదు గనుక అడిగే ఆధారం కూడా ఉండదు.

చట్టం లేదా అంటే, ఉంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసపు ఇంట్లో ఉండనీయకపోవడాన్ని నేరమంటుంది. 12వ సెక్షను ఇంకా ముఖ్యం: బాధితుడు షెడ్యూల్డు కులస్థుడైతే ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని, కాదని రుజువయ్యేదాకా, కోర్టు భావించాలి. మన కార్యకర్తలు ఈ సెక్షనును తగినంతగా వాడడం లేదని మా అభిప్రాయం. చిక్కల్లా అసలు నిరాకరణను చూపడంలోనే. ఓనరు "ఇల్లు ఇచ్చేశాం" అంటాడు, కులం పేరెత్తడు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం నీళ్లు, కరెంటు ఆపకూడదంటుంది గాని, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలు. అందులోనూ కులం ఊసు లేదు.

కాబట్టి ఇల్లు చూడబోయే విద్యార్థి ఇంకొకరిని వెంటబెట్టుకుని పోవాలి. కాదన్నచోట తేదీ, టైము, అన్న మాటలు అదేరోజు రాసిపెట్టాలి. మర్నాడు వేరే కులం మిత్రుడితో అదే ఇల్లు అడిగించాలి. దొరికిన ఇంటికి సబ్ మీటరు అడగాలి, కుదరకపోతే నెలనెలా బిల్లు కాపీ అడగాలి. రోజూ నీళ్లు ఏ వేళకు ఇస్తారో అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోవాలి. ఆ వాక్యం రాయనన్న ఓనరు మాట కూడా నోటుబుక్కులో ఎక్కాల్సిందే.