కరవులకును గాలివానలకును గల కాలనియమము

వడగాలి, అనావృష్టి, గాలివాన మున్నగునవి అకస్మాత్తుగా వచ్చిపడు విపత్తులని సామాన్యముగా జనులు తలంతురు. అవి యే దినమున వచ్చునో చాల ముందుగా చెప్పుట కష్టమే; కాని యే ఋతువున వచ్చునో చెప్పుట కష్టము కాదు. మన రైతులు కార్తెలనుబట్టి దీనిని చిరకాలము క్రిందటనే గుర్తించిరి. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత మే నెల చివరి యెండలను తెలుపునదే.

తెలుగునాటికి జూను మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనము వలనను, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనము వలనను వానలు కురియును. పడమటి కనుమలు నైరృతి మేఘముల నీటిని చాలవఱకు తమ పడమటి వాలుననే దింపుకొనును. అందుచే వానికి తూర్పుననున్న అనంతపురము సీమకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కుచున్నది. ఆ స్వల్పవర్షమైనను సకాలమున కురిసినచో పంట పండును. జూను, జూలై నెలలలో విత్తిన వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టు వేళ మూడు నాలుగు వారములు చినుకు లేకున్న, పిమ్మట నెంత కురిసినను నష్టము తీరదు. కావున వాన తక్కువగుట మాత్రమే కాక, వేళ తప్పుటయు కరవే. రెండు ఋతుపవనములును వరుసగా తప్పినచో ఘోరక్షామము సంభవించును. 1876వ సంవత్సరమున అట్లే జరిగినది. దానినే పెద్దలు ధాత కరవందురు.

ఇక తుపానులు. ఇవి పుట్టుటకు సముద్రజలము వెచ్చగా నుండవలెను. క్రింది గాలికిని మీది గాలికిని ఎక్కువ భేద ముండరాదు. జూలై, ఆగష్టు నెలలలో నీరు వెచ్చగనే యుండును. కాని క్రింద పడమటి గాలియు, మిక్కిలి యెత్తున తూర్పు గాలియు బలముగా వీచుటచే సుడి నిలువున నిలువలేక చెదరిపోవును. కావున ఆ నెలలలో వాయుగుండములు కలిగినను పెనుతుపానులు అరుదు. ఋతుపవనమునకు ముందు ఏప్రిల్, మే నెలలును, దాని వెనుక అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలును వాని కాలము. 1864 నవంబరు 1వ తేదీన బందరును, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను, 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తుపానులు పాడుచేసెను. వరి వెన్ను తీసి కోతకు వచ్చు వేళయు నించుమించుగ నదియే.

ఈ నియమము నెఱిగినందున ప్రయోజనమేమి? 1977లో సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున పొంగి దివిసీమపై బడగా సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే 9వ తేదీన ఆ కృష్ణాతీరమునకే మరల పెనుతుపాను వచ్చెను. అప్పుడు లక్షమందికి పైగా జనులను ముందుగనే సురక్షితస్థలములకు తరలించిరి. మృతులు సుమారు 1,000 మంది. ఇదియు చిన్న సంఖ్య కాదు. కాని ముందుజాగ్రత్త వేలకొలది ప్రాణములను నిలిపినదనుట స్పష్టము.

విద్యార్థులారా, మృగశిరకు ముందే చెఱువుల పూడిక తీయవలెను, పొలముల గట్లు వేయవలెను. అక్టోబరు రాకమునుపే ఇంటికప్పు బాగుచేసికొని, తుపాను ఆశ్రయమునకు పోవు దారిని ఇంటిల్లిపాదియు తెలిసికొని యుండవలెను. ఆపద వచ్చిన పిదప చేయుటకు మిగులు పని స్వల్పము. రాకముందు చేయదగిన పని విస్తారము.