జేబుకి బరువనిపించని మడత చాకు: ఏది తీసుకోవాలి?

ఇప్పటి ఫోన్లే దాదాపు 200 గ్రాములుంటున్నాయి. దాని పక్కన ఇంకో 100 గ్రాముల చాకు పెడితే రెండో వారానికే అది టేబుల్ సొరుగులోకి వెళ్లిపోతుంది. నాదీ అలాగే వెళ్లింది. అందుకే బ్లేడ్ కంటే ముందు బరువు చూడండి. 50 గ్రాములు దాటకపోతే మంచిది.

పార్సిల్ టేపు, దారం కోయడమే పనైతే విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ చాలు. మూస్తే 58 మిల్లీమీటర్లే, తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు. కానీ లాక్ లేదు. మొనతో గట్టిగా పొడిస్తే బ్లేడ్ మడుచుకుని వేలు తెగుతుంది.

మామిడికాయ కూడా కోయాలా? అయితే నా ఓటు ఒపినెల్ నంబర్ 8కే. 8.5 సెంటీమీటర్ల బ్లేడ్, చెక్క పిడి, బరువు సుమారు 45 గ్రాములు. పిడి మొదట్లో ఉన్న రింగు తిప్పితే బ్లేడ్ మడుచుకోదు. కార్బన్ స్టీల్ రకానికి పదును పెట్టడం తేలికే గానీ, పులుపు తగిలితే నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పే. వైజాగ్, కాకినాడ వాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. వానాకాలం తేమకి చెక్క ఉబ్బి బ్లేడ్ బిగుసుకోవడం మాత్రం రెండింటికీ తప్పదు.

విమానం ఎక్కే రోజు చెక్-ఇన్ బ్యాగులో వేసేయండి. క్యాబిన్‌లోకి రానివ్వరు. నా మొదటి క్లాసిక్ సెక్యూరిటీ ట్రేలోనే ఉండిపోయింది.