ఒడ్డున తేలాల్సిన ప్రయాణం

కొందరు స్నేహితులు చిన్న పడవల్లో నది వాలున మూడు నాలుగు రోజులు వెళ్తారు. రాత్రిళ్లు ఒడ్డున గుడారాలు వేసుకుని పడుకుంటారు. దీన్నే కనూ క్యాంపింగ్ అంటారు. కనూ మన దోనెకు దగ్గరి చుట్టం. పొడవు ఐదు మీటర్ల దాకా ఉంటుంది. పైన కప్పు ఉండదు, ఇంజనూ ఉండదు. ముందొకరు, వెనకొకరు కూర్చుని ఒంటి తెడ్లతో నడుపుకుంటారు. సామానంతా మధ్యలో పడుకుంటుంది. ఇలాంటి ప్రయాణం గురించి మాట్లాడినప్పుడల్లా సాహసం, తెగువ, ఏటికి ఎదురీదడం అనే మాటలే ముందుకొస్తాయి. అసలు విషయం అది కాదని నా వాదన. కనూ ప్రయాణం బాగా జరిగిందా లేదా అన్నది చాలావరకు పడవ నీటిలోకి దిగకముందే తేలిపోతుంది. ఎవరు ఎవరితో కూర్చోవాలి, నీరు ఎంత పెరిగితే ఆగాలి, వద్దు అనే మాట ఎవరు చెప్పాలి అన్నవి ఒడ్డునే తేల్చుకుంటే, ఏట్లో తేలడం పెద్ద కష్టం కాదు. అక్కడ తేల్చుకోకపోతే కండబలం ఎంతున్నా చాలదు.

దీనికి మంచి ఉదాహరణ న్యూజిలాండ్‌లోని వాంగనూయి నది. టోంగరిరో అగ్నిపర్వతం వాలుల్లో పుట్టి, 290 కిలోమీటర్లు ప్రయాణించి టాస్మన్ సముద్రంలో కలుస్తుంది. టౌమరునుయి ఊరి నుంచి పిపిరికి దాకా 145 కిలోమీటర్ల కనూ ప్రయాణానికి ఐదు రోజులు పడుతుంది. అంత తీరిక లేనివాళ్లు మధ్యలోని వాకహోరో దగ్గర మొదలుపెట్టి 87 కిలోమీటర్లు మూడు రోజుల్లో ముగిస్తారు. తమాషా ఏమిటంటే, ఆ దేశ ప్రభుత్వం దీన్ని ‘గ్రేట్ వాక్స్’ అనే ప్రసిద్ధ కాలినడక దారుల జాబితాలో చేర్చింది. నడక దారుల్లో ఇదొక్కటే నీటి దారి. 1986లో ఏర్పడిన వాంగనూయి నేషనల్ పార్కు అడవి రెండు వైపులా ఒత్తుకుని ఉంటుంది. వాకహోరో దాటాక పిపిరికి వచ్చేదాకా ఒడ్డుకు కారు దారి లేదు. ఫోను పలకదు. మధ్యలో విసుగొచ్చి బస్సెక్కి ఇంటికి పోదామంటే కుదరదు. నా వాదనకు మొదటి ఆధారం ఇదే. వెనక్కి తిరగడానికి వీల్లేని దారిలో నిర్ణయాలన్నీ ముందే జరగాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. నదుల కష్టాన్ని కొలిచే ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న కొలమానంలో వాంగనూయి ర్యాపిడ్లు ఒకటి, రెండు స్థాయిల్లోనే ఉంటాయి. ర్యాపిడ్ అంటే నది వాలు ఎక్కువై, రాళ్ల మధ్య ఇరుకై, నీరు ఉరకలెత్తే చోటు. అలాంటివి ఈ దారిలో రెండు వందలకు పైగా ఉన్నా, తెడ్డు మొదటిసారి పట్టినవాళ్లు కూడా దాటగలిగినవే. మరి ఇంత హడావుడి ఎందుకు? సులువు అన్న మాటలోనే చిక్కుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. నడుము లోతు నీరు కూడా మనిషిని నిలబడనివ్వదు. నీటితో నిండిన కనూ అర టన్నుకు మించి బరువు తూగుతుంది. దానికీ రాయికీ మధ్య చిక్కుకుంటే ఏ స్నేహితుడూ లాగలేడు. అందుకే పడవ తిరగబడితే దాని కింది వాలు వైపు ఉండకూడదని మొదటి పాఠంగా చెబుతారు. రెండో పాఠం విన్నప్పుడు ఎవరికైనా తలకిందులుగా తోస్తుంది. పడవ అడ్డంగా కొట్టుకుపోయి రాయికి తగిలేటప్పుడు భయంతో మనిషి రాయికి దూరంగా ఒరుగుతాడు. అలా ఒరగగానే పైనుంచి వచ్చే నీరు పడవ అంచు మీదుగా లోపలికి దూకుతుంది. ఒరగాల్సింది రాయి వైపే. నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ, పాదాలు ముందుకు చాచి, వాలున పోవాలి. వేగంగా పారే నీటిలో లేచి నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది. ఇవి ఏవీ సహజంగా తోచే పనులు కావు. తిరగబడుతున్న క్షణంలో నేర్చుకునేవీ కావు. పిపిరికికి కాస్త ఎగువన అవుటాపు అనే ర్యాపిడ్‌కు పడవలు నడిపేవాళ్లు ‘ఫిఫ్టీ ఫిఫ్టీ’ అని పేరు పెట్టారు. సగం మంది దాటుతారు, సగం మంది తడుస్తారు అని వాళ్ల లెక్క. అది ప్రయాణం చివర్లో, ఇక అయిపోయిందిలే అని ఒళ్లు సడలే సమయానికి ఎదురవుతుంది.

ర్యాపిడ్ల కన్నా వాన ముఖ్యం. ఈ నది చాలా దూరం మెత్తటి బురదరాతి కొండల్ని కోసుకుంటూ లోతైన లోయలో పారుతుంది. లోయ ఇరుకు కాబట్టి పైన వాన పడితే నీరు పక్కలకు పరుచుకోలేక నిట్టనిలువునా లేస్తుంది. గుడారంలో పడుకున్నవాళ్ల నెత్తిన చినుకు పడకపోయినా, ఎగువన కురిసిన వాన రాత్రికి రాత్రే నదిని మీటర్ల కొద్దీ పెంచగలదు. సాయంత్రం ఇసుక మీద లాగి వదిలేసిన కనూ పొద్దున్నకి కనిపించదు. కనూను ఒడ్డున ఎంత ఎత్తుకు వీలైతే అంత ఎత్తుకు మోసి, చెట్టుకు కట్టాలనే నియమం అందుకే వచ్చింది. గుడారాలకు కేటాయించిన చోట్లు కూడా నీటి అంచున కాకుండా మెట్లెక్కి పోవాల్సినంత ఎత్తున ఉంటాయి. రోజంతా తెడ్డు వేసి అలిసినవాడికి సామాను మోసుకుంటూ ఆ మెట్లెక్కడం చిరాకే. కానీ ఆ మెట్ల ఎత్తు నది పాత కోపాలకు కొలత. ఇక ముఖ్యమైనది రోజుల లెక్క. 87 కిలోమీటర్లను మూడు రోజులకు పంచితే రోజుకు 29 కిలోమీటర్లు. నీటి వాలు కలిసొస్తే ఐదారు గంటల పని. లెక్క బాగానే ఉంది, కానీ అందులో నది ఆగమన్న రోజుకు చోటు లేదు. సోమవారం ఆఫీసులో ఉండాలని ఆదివారం సాయంత్రానికి విమానం టికెట్టు కొనుక్కున్నవాళ్లు ఎర్రగా పొంగిన నీటిని చూసి కూడా పర్వాలేదులే అంటారు. వాళ్లను నీటిలోకి నెట్టేది ధైర్యం కాదు, టికెట్టు. అదనంగా ఒక రోజు, ఆ రోజుకు సరిపడా బియ్యం, పప్పు చేతిలో ఉంచుకున్న జట్టు మాత్రమే వద్దు అనగలదు.

స్నేహితుల సంగతి ఇంకా నాజూకైనది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు. కనూ ప్రయాణంలో చిక్కేమిటంటే ఏరు దాటడమంటూ ఉండదు, రోజుల తరబడి ఏట్లోనే ఉంటారు. ముందు కూర్చున్నవాడు కళ్లు, బలం. నీటి కింద దాగిన రాయిని చూసి చెప్పేది అతనే. వెనక కూర్చున్నవాడు చుక్కాని. ముందువాడు ఎడమ అంటే వెనకవాడు ఎందుకు అని అడగకూడదు. ఆ ప్రశ్నకు జవాబొచ్చేలోగా రాయి వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఒకే కంచంలో తిన్నవాళ్లు కూడా మొదటి రోజు మధ్యాహ్నానికి ఒకరి మీద ఒకరు అరుచుకునేది ఇక్కడే. తప్పు ఎవరిదీ కాదు, కనూ సమంగా తోస్తేనే సూటిగా పోతుంది. జంటల్ని అలవాటైన స్నేహాన్ని బట్టి కాకుండా బరువును, అనుభవాన్ని బట్టి కలపాలి. బరువైనవాళ్లు, తెడ్డు తిప్పడం తెలిసినవాళ్లు వెనక ఉండాలి. ఈత బాగా వచ్చిన ఇద్దర్నీ ఒకే పడవలో పెట్టడం దండగ. వీలైతే మూడు పడవలకు తగ్గకుండా వెళ్లాలి. ఒకటి తిరగబడితే ఒకటి మనుషుల్ని, ఇంకోటి సామాన్ని అందుకుంటుంది. జట్టు వేగం ఎప్పుడూ అందరికన్నా నెమ్మదైన పడవ వేగమే. వీటన్నిటికన్నా ముందు, నీరు బాగా లేదు, ఇవాళ కదలం అని చెప్పే అధికారం ఒకరికి అప్పగించాలి. స్నేహితుల్లో ఎవరూ పెద్ద కాదు కాబట్టే ఈ పని ముందుగా చేయాలి. ఓట్లు వేసుకుంటే ఉత్సాహమే గెలుస్తుంది. నా మాటైతే, ఆ అధికారం జట్టులో అందరికన్నా భయస్తుడికి ఇవ్వడం మేలు.

సామాను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పడవలు అద్దెకిచ్చేవాళ్లు లైఫ్ జాకెట్లు, మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ములు, దారి పటం ఇస్తారు. బట్టలు, పడక, తిండి డ్రమ్ముల్లోకి పోతాయి, డ్రమ్ములు పడవకు తాళ్లతో బిగుస్తాయి. కట్టెల పొయ్యి కుదరదు, గ్యాసు స్టవ్ పట్టుకెళ్లాలి. నీళ్లు మరగకాచుకోవాలి. ఫోను పనిచేయని చోట ఉపగ్రహానికి కబురు పంపే చిన్న బీకన్ పరికరం ఒకటి జట్టులో ఉండాలి. తెచ్చిన చెత్త మొత్తం తిరిగి మోసుకుపోవాలి.

ఇంత లెక్కాపత్రం ఉంటే ఇక సాహసం ఎక్కడుంది, ఇది ఆఫీసు పనిలా లేదా అని ఇంకొకరు అడగవచ్చు. ఒడ్డున తేలిపోయినవి నదిలో మళ్లీ తలనొప్పి కావు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, రాత్రి ఎక్కడ ఆగాలి అని కొట్టుకోనివాళ్లకే కొండ మీంచి జారే సన్నటి జలపాతాన్ని, రాతిలో పడిన గుంటల్ని చూసే తీరిక దొరుకుతుంది. ఆ గుంటలు తరాల తరబడి అక్కడి మూలవాసులైన మావోరీలు తమ దోనెల్ని గెడలతో ఎగువకు నెడుతూ ఒకే చోట పొడిచి పొడిచి చేసిన గుర్తులు. గోదావరి మీద గెడ వేసిన చేతులకు ఆ శ్రమ ఏమిటో చెప్పనక్కర్లేదు. లెక్క లేని సాహసం ఎలా ముగుస్తుందో చెప్పే సాక్ష్యం కూడా అదే దారిలో ఉంది. మాంగపురువా రేవులో దిగి అడవిలో ముప్పావు గంట నడిస్తే లోయ మీద గట్టి కాంక్రీటు వంతెన కనిపిస్తుంది. దానికి అటూ ఇటూ ఊరు లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1917 నుంచి ప్రభుత్వం ఆ లోయలో భూములిచ్చింది. కొండలు నిట్టనిలువు, మన్ను జారిపోయేది, వాన పడితే దారి తెగేది. వాళ్లు ఎదురుచూసిన వంతెన 1936లో వచ్చేనాటికి చాలామంది వెళ్లిపోయారు. 1942 నాటికి మిగిలినవాళ్లనూ ఖాళీ చేయించారు. ‘ఎక్కడికీ పోని వంతెన’ అని దానికి పేరు. ఆ సైనికులకు ధైర్యం తక్కువై కాదు. ఆ నేల ఎంత మందిని, ఎలాంటి దారిని మోయగలదో పంచే ముందు ఎవరూ తేల్చలేదు.

నది అందరిదీ, దాని మీద పోవడానికి బుకింగు, రుసుము ఎందుకన్నది మూడో అభ్యంతరం. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, అంటే అక్కడి వెచ్చటి నెలల్లో, గుడారం చోటు గానీ గుడిసెలో పడక గానీ ముందే బుక్ చేసుకోనిదే రాత్రి బస కుదరదు. అందరిదీ అన్న మాటకు ఆ నది ఒడ్డున వేరే చరిత్ర ఉంది. 1890ల నుంచి ఆవిరి పడవల్లో యాత్రికులు తండోపతండాలుగా వచ్చారు. వాళ్ల పడవలు పోవడానికి మావోరీలు చేపల కోసం కట్టుకున్న కట్టల్ని తొలగించారు. నది మాది, మేమే నది అంటూ వాంగనూయి తెగలు ఒక శతాబ్దానికి పైగా అర్జీలు పెట్టాయి, కోర్టుల్లో పోరాడాయి. చివరికి 2017లో ఆ దేశ పార్లమెంటు చేసిన చట్టం కొండ నుంచి సముద్రం దాకా ఆ నదిని ఒక సజీవమైన, విడదీయరాని మొత్తంగా, చట్టం ముందు ఒక వ్యక్తిగా గుర్తించింది. నది తరఫున మాట్లాడడానికి తెగలు ఒకరిని, ప్రభుత్వం ఒకరిని నియమిస్తాయి. అదే ఏడాది మన ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు అలాంటి హోదానే ఇచ్చింది. ఆ తీర్పును జులైలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. వాంగనూయి యాత్రికులు ఆగే బసల్లో ఒకటైన టియెకె కాయింగా మావోరీల సభాప్రాంగణం కూడా. ఇంటివాళ్లు ఉన్నప్పుడు వాళ్ల పద్ధతిలో స్వాగతం చెప్పాకే యాత్రికుడు లోపలికి అడుగు పెట్టాలి. బుకింగును నేను అలాగే చూస్తాను. ఒకరింటికి పోయేముందు వస్తున్నామని కబురు పెట్టడం లాంటిదే అది. రుసుము కట్టలేనివాళ్ల ఇబ్బంది నిజమే, దానికి రాయితీలు అడగాలి. హద్దే వద్దనడం దానికి జవాబు కాదు.

చివరి అభ్యంతరం మన వైపు నుంచి. న్యూజిలాండ్‌కు డబ్బుంది, జనం తక్కువ, అక్కడి పద్ధతులు మన గోదావరికి ఎలా సరిపోతాయి? అన్నీ సరిపోవు. వానాకాలపు గోదావరి ముందు వాంగనూయి ఒక పిల్ల కాలువ. కానీ నేను చెబుతున్న అసలు పద్ధతికి డబ్బుతో పనిలేదు. నీరు ఇంత పెరిగితే పడవ కదలదు అని ముందే గీత గీసుకోవడం, గీత దాటాక ఎవరు బతిమాలినా కదలకపోవడం, అంతే. పాపికొండల యాత్ర, వెదురు గుడిసెల్లో రాత్రి బస తెలుగువాళ్లకు కొత్త కాదు. 2019 సెప్టెంబరు 15న అదే దారిలో దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర డెబ్బై మందికి పైగా ఎక్కిన పడవ వరద గోదావరిలో మునిగింది. యాభై మంది దాకా తిరిగి రాలేదు. పడవ మునిగింది సుడుల్లోనే అయినా, ఆ వరదలో బయల్దేరవచ్చన్న నిర్ణయం మాత్రం రేవులోనే జరిగింది. ఆ తరువాత ఒడ్డున కంట్రోల్ రూములు పెట్టారు, మంచి పని. అయితే రేవులో నిలబడి చివరి నిర్ణయం తీసుకునేది ప్రయాణికుడే. స్నేహితులతో గోదావరి మీదికి పోతున్నా, సెలవు పెట్టుకుని వాంగనూయి దాకా పోతున్నా, ఎక్కేముందు ఇవాళ నీటిమట్టం ఎంత, ఎంత దాటితే ఆపుతారు అని పడవవాణ్ణి అడగండి. రెండు అంకెలూ చెప్పలేకపోతే ఆ పడవ ఎక్కకండి.