మన పిల్లల పక్కన ఎవరున్నారు?

ఆదివారం ఆరాధన ముగిశాక తల్లులు కాపరి దగ్గరకు వచ్చి చెప్పుకునే ప్రార్థన మనవుల్లో ఈమధ్య ఒకటి తరచుగా వినబడుతోంది. "అయ్యగారూ, మావాడు ఇదివరకటిలా లేడు. మాట వినడం లేదు. ఎప్పుడూ ఫోనే. ఆ స్నేహాలు మంచివి కావు. వాడి కోసం ప్రార్థన చేయండి." ప్రార్థన చేస్తాం. మరుసటి ఆదివారం వాడు వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంటాడు. ప్రార్థనలో ఉన్నాడో, ఒడిలోని ఫోన్‌లో ఉన్నాడో మనం తొంగి చూడం.

ఆ తల్లి ఫోన్‌నూ స్నేహాలనూ రెండు వేరు వేరు కష్టాలుగా చెప్పింది. నిజానికి అవి రెండు కావు. ఫోన్‌లో ఉన్నదీ స్నేహితులే, వాళ్ల మెప్పే.

2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. కొందరిని కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడమన్నారు. కొందరు ఒంటరిగా, మరికొందరు తోటివాళ్లు పక్కన చూస్తుండగా. పక్కన స్నేహితులుంటే 13 నుంచి 16 ఏళ్లవాళ్లు మరింత తెగింపు చూపారు. 24 ఏళ్లు దాటినవాళ్లలో ఆ తేడా అంతగా కనబడలేదు. మన ఊళ్లో బండి మీద ముగ్గురు కూర్చుని హెల్మెట్ లేకుండా దూసుకుపోయే పిల్లల్ని చూసినప్పుడు ఇది గుర్తు చేసుకుందాం. ప్రమాదమని వాళ్లకు తెలియక కాదు. ఆ వయసులో ప్రమాద భయం కన్నా వెనక కూర్చున్నవాడి కేక బలమైనది. కాబట్టి "సిగరెట్ మంచిది కాదు నాన్నా" అని వందసారి చెప్పినా, వాడికి తెలిసిన సంగతే మళ్లీ చెబుతున్నాం.

వెనక కూర్చున్నవాడు ఇప్పుడు లైకుల రూపంలో వస్తున్నాడు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఫోటోలు చూపిస్తూ వాళ్ల మెదడు పనితీరును గమనించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఒకే ఫోటోను కొందరికి ఎక్కువ లైకులతో, కొందరికి తక్కువ లైకులతో చూపారు. లైకులు ఎక్కువ కనబడితే పిల్లలు తామూ లైక్ కొట్టారు. మద్యం, పొగాకు ఉన్న ఫోటోలు చూస్తున్నప్పుడు మనసును అదుపు చేసే మెదడు భాగాల పని తగ్గింది. ఆ లైకులు పరిశోధకులు తామే వేసిన అంకెలు. అయినా పని చేశాయి.

మన చిన్నతనంలో తోటివాళ్ల వెక్కిరింపు బడి గంటతో ఆగిపోయేది. ఇంటికొస్తే అమ్మ పెట్టే అన్నం, నాన్న గదమాయింపు, అంతే. ఇప్పుడు ఆ వెక్కిరింపు దుప్పటి కిందికీ వస్తోంది. ఒక అమ్మాయి ముఖం తెల్లబడే క్రీము వీడియో దగ్గర రెండు క్షణాలు ఆగిందనుకోండి. ఆ ఆగడాన్ని యాప్ లెక్కపెట్టుకుని అలాంటివే మరికొన్ని తెచ్చి ముందు పెడుతుంది. ఆ పిల్ల ఎంతసేపు చూస్తే వాళ్లకు అంత రాబడి. 2021లో మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన ఫేస్‌బుక్ సంస్థ సొంత పత్రాల ప్రకారం, తమ శరీరం గురించి బాధపడుతున్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచిందని 32 శాతం టీనేజ్ అమ్మాయిలు చెప్పారు. దేవుడు చేసిన నీ రూపం మంచిదని సండే స్కూల్లో వారానికి ఒక గంట చెబుతున్నాం. మిగతా వారమంతా వేరే బోధ నడుస్తోంది.

ఫోన్ లాక్కుంటే సరిపోతుందా? 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. యాప్ పోయింది, అలవాటు ఇల్లు మారింది. నిషేధాలు వద్దనడం లేదు. రాత్రి పడుకునే ముందు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకచోట పెట్టడం మంచి పద్ధతి. అందరివీ అన్నాం, నాన్నది కూడా.

పెద్దల సంగతి వచ్చింది కాబట్టి రెహబామును తలచుకుందాం. 1 రాజులు 12వ అధ్యాయంలో అతడు పెద్దల ఆలోచన తోసేసి, తనతోకూడ పెరిగినవారి మాట విన్నాడు. పది గోత్రాలు చేజారాయి. యౌవన కూడికల్లో ఈ భాగం చెప్పి పిల్లలను హెచ్చరిస్తుంటాం. కానీ రెండు అధ్యాయాల తర్వాత అతని వయసు రాసి ఉంది. ఏలనారంభించినప్పుడు నలభై ఒక్క ఏళ్లు! తోటివాళ్ల మెప్పు కోసం తప్పు చేయడం టీనేజ్‌తో పోయే జబ్బు కాదు. మన సంఘాల్లో క్రిస్మస్ బట్టల పోటీ ఎవరిది? ప్రసంగం యూట్యూబ్‌లో పెట్టి సాయంత్రానికి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూసుకునేది ఎవరు? పిల్లలు మన మాటల కన్నా మన బొటనవేలినే ఎక్కువ గమనిస్తారు.

1950లలో సాలమన్ ఆష్ చేసిన పరీక్ష ఒకటి ఉంది. గుంపులో అందరూ ముందే మాట్లాడుకుని, కళ్లెదుట ఉన్న గీత పొడవు గురించి తప్పు జవాబు చెబుతారు. సంగతి తెలియని ఒక్కడు చివర్లో చెప్పాలి. అలా కూర్చున్నవాళ్లలో దాదాపు ముప్పావు వంతు మంది కనీసం ఒకసారైనా గుంపుతో పాటు తప్పు చెప్పారు. కానీ ఆ గుంపులో ఇంకొక్కడు నిజం చెబితే చాలు, లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. ఇద్దరూ కలిసి గుంపును ఓడించనక్కరలేదు, ఒంటరిగా లేకపోతే చాలు. దానియేలు కథ మనం ఒక్కడి ధైర్యంగా చెబుతాం. బబులోను భోజనం వద్దని పది దినాలు పరీక్షకు నిలిచింది నలుగురు. హనన్యా, మిషాయేలు, అజర్యా కూడా ఆ పంక్తిలోనే కూర్చున్నారు.

మన పిల్లలకు ఆ ముగ్గురు ఎక్కడున్నారు? తొమ్మిది, పది తరగతుల పిల్లవాడు సండే స్కూలుకు పెద్దవాడైపోయాడు. యౌవనస్థుల కూడికకు వెళ్తే అక్కడ పాతికేళ్ల అన్నయ్యలు ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటున్నారు. అందుకే వెనక వరుస. డిగ్రీ చదివే ఒక అన్నయ్యకు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని అప్పగించవచ్చు. వాక్యం బోధించమని కాదు, వారానికోసారి వాళ్లతో క్రికెట్ ఆడి, ఏం చూస్తున్నారో, ఎవరితో తిరుగుతున్నారో తిట్టకుండా వినమని. ఆడపిల్లలకు అలాగే ఒక అక్క. ఇంట్లో కూడా "ఎందుకు చేశావు" అని నిలదీసే ముందు "ఎవరెవరు వెళ్లారు" అని అడిగి చూడండి, మాట వేరే దారిలో సాగుతుంది.

అసలు పరీక్ష ఇంటర్‌తో మొదలవుతుంది. పదిహేనో పదహారో ఏట పెట్టె సర్దుకుని విజయవాడకో హైదరాబాదుకో హాస్టల్‌కు వెళ్తారు. కొత్త గది, కొత్త గుంపు, ఆదివారం కూడా పరీక్షలు. ఆ ఊళ్లో తెలిసిన కాపరికి మనం ఒక ఫోన్ చేస్తే, మన పిల్లవాడిని వెతుక్కుంటూ ఒకరు వస్తారు. ఈ ఏడాది పది రాసిన పిల్లల పేర్లు సంఘ పుస్తకంలో ఉన్నాయి. వాళ్లు ఏ ఊరి హాస్టల్‌కు వెళ్తున్నారో అందులో ఇంకా ఎవరూ రాయలేదు.